నోటితో చెప్పని లెక్క

ఐలీన్ మా ఇంట్లో దిగిన రోజున మా అత్తగారు సుభద్రమ్మ వాకిలి రెండుసార్లు కడిగించింది. రాకముందు ఒకసారి, అతిథి వస్తోందని. వచ్చాక ఇంకోసారి, వచ్చింది ఎలాంటి అతిథో చూసుకుని.

అది 1948 చైత్రమాసం. తెల్లవాళ్ళు దేశం వదిలిపెట్టి ఇంకా ఏడాది నిండలేదు. చికాకోలు రోడ్డు స్టేషన్లో రైలు దిగి, పొద్దుటినుంచీ ఎద్దుబండిలో ఎండన పడి వచ్చి, కందగడ్డలాంటి మొహంతో ఆ పిల్ల మా కొట్టు ముందు నిలబడింది. మహా ఉంటే ఇరవై రెండేళ్ళు. మా ఆయన చేతిలో తక్కెడ గాల్లో అలాగే ఉండిపోయింది.

"అందర్నీ ఓడలెక్కించీసినారు కదా, ఇదొక్కర్తీ తప్పిపోనాదేటి?" అన్నారు నా చెవిలో.

తప్పిపోలేదు. చికాకోలులో వైద్యం చేసే డాక్టరు సీతారామారావుగారు పిలిపిస్తేనే వచ్చింది. ఆయన తన కుర్రతనంలో స్కాట్లాండులో చదువుకున్నారు. ఆయనకి చదువు చెప్పిన పంతులుగారే ఈ పిల్లకీ పంతులు. అక్కడ డాక్టరీ చదివేవాళ్ళు ఆఖరి పరీక్షకి ముందు ఒక వేసవి ఎక్కడైనా పని నేర్చుకుని, చూసిందంతా రాసి పట్టుకెళ్ళాలట. తోటివాళ్ళందరూ సొంత ఊళ్ళలో ఆసుపత్రులు చూసుకుంటే ఈమె ఓడెక్కింది. ఇంత దూరం ఎందుకొచ్చావని తర్వాత ఒకసారి అడిగాను. "అక్కడ కూర్చోలేకపోయాను" అంది. ఆ జవాబు నాకు ఠక్కున అర్థమైంది. నేనూ ఒకచోట కూర్చోలేని మనిషినే. కాకపోతే నాకు ఓడ లేదు, పెరడుంది.

డాక్టరుగారు మా అరుగు మీద కూర్చుని వచ్చిన పని చెప్పారు. జిల్లా బోర్డువాళ్ళు ఈ తీరాన కాన్పులు చేసే నర్సుని ఒకర్ని వేస్తామన్నారు. ఒకర్నే. మా గుల్లపేటకి వెయ్యాలో, నాలుగు మైళ్ళ అవతల మెట్టవలసకి వెయ్యాలో తేలడం లేదు. ఎక్కడ పసిపిల్లలు ఎక్కువ పోతున్నారో అక్కడికి వేస్తారు. మెట్టవలసలో కరణం పుస్తకంలో చావులు రాసి ఉన్నాయి. గుల్లపేట జాలర్ల ఇళ్ళకి ఏ పుస్తకమూ లేదు.

"ఈ అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి రాస్తుంది. అదే నేను బోర్డుకి పంపిస్తాను. మాట చెప్పడానికి ఒక మనిషి కావాలి" అంటూ నా వైపు చూశారు.

మా నాన్నది చీపురుపల్లిలో గోగునార వ్యాపారం. గారాబం కొద్దీ నన్ను విజయనగరంలో అయిదో ఫారం దాకా చదివించాడు. ఆ ఇంగ్లీషు అత్తవారింటికొచ్చాక కిరసనాయిలు డబ్బాల మీద అక్షరాలు చదవడానికే పనికొచ్చింది.

"కోడలు పేటలోకి ఎల్తాదా? గుడిసెల్లో దూరి కూకుంటాదా?" అంది అత్తగారు తలుపు చాటునుంచి.

"డాక్టరుగారి మాట కాదంటే, రేపు నీకు మోకాలు పట్టీసినప్పుడు ఎవులొస్తారే అమ్మా?" అన్నారు మా ఆయన.

మోకాలు గెలిచింది. ఐలీన్‌కి పెరట్లో కొబ్బరితాళ్ళు పెట్టే పాక ఖాళీ చేయించాం. నాకు నాలుగేళ్ళ తర్వాత గుమ్మం దాటడానికి ఒక పని దొరికింది.

మొదటి ఇల్లు దానమ్మది. మా పెరటిగోడ అవతలే ఇసకలో వాళ్ళ గుడిసె. నా ఈడుదే. మొగుడు సూరయ్య తెప్ప మీద వేటకి వెళ్తాడు. కొట్టుకి వచ్చినా రాకపోయినా రోజుకొకసారి గోడ మీద గడ్డం ఆనించి నాతో కబుర్లాడి వెళ్ళేది. దానికప్పుడు నాలుగో నెల. గుమ్మంలో మూడేళ్ళ కూతురు దేముడమ్మ ఇసక తింటోంది.

ఐలీన్ దగ్గర అట్టముక్కలుండేవి, ఇంటికొకటి. పేరు, భర్త పేరు, పుట్టినవాళ్ళు, ఉన్నవాళ్ళు, ఏడాది నిండకుండా పోయినవాళ్ళు. పేరు దగ్గర ఏ ఇబ్బందీ లేదు. భర్త పేరు అడిగేసరికి దానమ్మ సిగ్గుపడి ఆకాశంకేసి చూపించింది.

"అదేనమ్మా, పొద్దున్నే లెగుస్తాడు కదా, ఆ సామి."

ఐలీన్ కూడా ఆకాశంకేసి చూసింది. చూసి, మొహం చిన్నది చేసుకుని, "పాపం, ఎప్పుడు చనిపోయాడు?" అని నన్నడిగింది. నవ్వు ఆపుకోలేక నేను గోడ పట్టుకున్నాను. సంగతి చెబితే దానమ్మ కూడా కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే తర్వాతి ప్రశ్న వచ్చింది, ఎంతమంది పుట్టారని.

"ఒకర్తే అమ్మా. ఇదిగో, ఇది."

నాకు తెలుసు. అంతకుముందు రెండు వైశాఖాల్లోనూ సూరయ్య తెల్లారగట్టే పార భుజాన వేసుకుని, చంకలో చిన్న గుడ్డమూటతో దిబ్బ ఎక్కడం మా పెరట్లోంచి నేను చూశాను. దానమ్మకీ తెలుసు నేను చూశానని. నవ్వడం మానేసి నా కళ్ళలోకి చూసింది.

"పోయినవాళ్ళు?" అంది ఐలీన్.

"లేరు" అన్నాను నేను. దానమ్మని అడగకుండానే అన్నాను. ఐలీన్ సున్నా చుట్టింది.

మా వైపు పద్ధతి అది. పురుడు వెళ్ళకుండా పోయిన బిడ్డకి ఏడుపు లేదు, పేరు లేదు. మగవాళ్ళు తీసుకుపోతారు, ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పరు. ఆ బిడ్డ ఊసు నోటితో ఎత్తితే అది వెనక్కి తిరిగి చూస్తుందనీ, ఉన్నవాళ్ళని తోడు పిలుస్తుందనీ భయం. మా కోమటి ఇళ్ళలోనూ అంతే, పేటలోనూ అంతే. ఆ ఒక్క విషయంలో మాకూ వాళ్ళకీ తేడా లేదు. నేను అబద్ధమాడానని కూడా అనుకోలేదు. ఒక ఆడదాని పరువు కాపాడాననుకున్నాను.

దానమ్మ ఇంట్లో మొదలైన సున్నా నూట నలభై ఇళ్ళు తిరిగింది.

రెండు నెలలు. పొద్దున్నే ఐలీన్ సైకిలు ఇసకలో దిగబడేది, నేను వెనకనుంచి తోసేదాన్ని, పేట పిల్లగుంటలందరూ మా వెనక ఊరేగింపు. ఆ పిల్ల మాట నేర్చిన తీరు చూడాలి. పుస్తకంలో భాష కాదు, పేట భాష. "ఏటమ్మా, బాగున్నావేటి?" అని గుమ్మంలో వంగి లోపలికొస్తుంటే ముసలమ్మలు పళ్ళు లేని నోళ్ళతో పడీపడీ నవ్వేవారు. ఐలమ్మ అని పేరు పెట్టేశారు. గోంగూర పచ్చడి తిని, కళ్ళమ్మట నీళ్ళు కార్చుకుంటూ మళ్ళీ వేయమనేది. ముక్కు మీద తోలు ఊడి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఊడింది. కుదురన్నది లేదు. తినేటప్పుడు రాసేది, రాసేటప్పుడు నడిచేది.

దాదాపు ప్రతి ఇంట్లోనూ అదే ప్రశ్న, అదే జవాబు. లేరు. లేరు. లేరు. కొందరు ఉన్నవాళ్ళలో కూడా ఒకర్ని తగ్గించి చెప్పేవారు, దిష్టి తగులుతుందని. నేను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులోకి మార్చేదాన్ని. ఐలీన్ అట్టముక్కలు పేర్చుకుంటూ ఆశ్చర్యపోయేది.

"మీ సముద్రం గాలిలో ఏదో ఉంది పార్వతీ! మా ఊళ్ళో మురికివాడల్లో కూడా ఇంతకంటే ఎక్కువమంది పోతారు. చేపల వల్లనేమో. తల్లిపాల వల్లనేమో. మా పంతులుగారు కుర్చీలోంచి లేచి నిలబడతారు చూడు."

అలా అన్నరోజున ఇంటికొచ్చి ఏ పనీ ముట్టబుద్ధయ్యేది కాదు. బియ్యం ఏరబోయి చేట వదిలేసి పెరట్లోకి పోయేదాన్ని, పెరట్లోంచి కొట్టులోకి. "కాలుకాలిన పిల్లిలాగ ఆ తిరుగుడేటే?" అని అత్తగారు కేకలేసేది.

జ్యేష్ఠం సగంలో డాక్టరుగారు వచ్చారు. వర్షం జాడ లేదు, అరుగు మీద కాలు పెడితే బొబ్బలు. ఐలీన్ లెక్కంతా కూడి ఆయన చేతిలో పెట్టింది. నూట నలభై ఇళ్ళు, పసితనంలో పోయినవాళ్ళు తొమ్మిదిమంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"అదృష్టవంతుల ఊరమ్మా ఇది. అయితే ఇంక ఆలోచించడానికేముంది? నర్సుని మెట్టవలసకే వెయ్యమని రాసేస్తాను. పదిరోజుల్లో సాపు ప్రతి పంపించు" అన్నారు సంతోషంగా. మజ్జిగ తాగి బండెక్కారు.

ఆ సాయంత్రమే దానమ్మ గోడ మీద గడ్డం ఆనించింది. ఆరో నెల వచ్చినా దాని చేతులు ఇంకా పుల్లల్లాగే ఉన్నాయి.

"డాక్టరుబాబు వొచ్చినాడంట కదమ్మా. నర్సమ్మ మనకొస్తాదా? నాకు భాద్రపదంలో నెల్లు నిండుతాయి."

"సూడాలే."

"వొస్తే బాగుండు. ఈసారైనా..."

అని ఆపేసింది. ఈసారైనా అంటే ఇంతకుముందు ఎన్నిసార్లో చెప్పాలి కదా. గోడ దిగి వెళ్ళిపోయింది. నేను ఆ గోడ దగ్గరే చీకటి పడేదాకా నిలబడ్డాను. ఆమె బిడ్డకి రావలసిన నర్సుని మెట్టవలస పంపించింది బోర్డూ కాదు, డాక్టరూ కాదు. మొదటి రోజున, మొదటి ఇంట్లో, అడక్కుండానే నేనన్న ఒక్క మాట.

రెండు రోజులు తినలేదు. మూడో రోజు మధ్యాహ్నం పాకలోకి వెళ్ళాను. ఐలీన్ మోకాళ్ళ మీద పలక పెట్టుకుని సాపు ప్రతి రాస్తోంది. ఎండకి తాటాకులు చిటపటమంటున్నాయి.

"ఒక ఇల్లు మిగిలిపోయింది" అన్నాను.

"లేదే, అన్నీ అయిపోయాయి. ఏ ఇల్లు?"

"ఇది."

నవ్వింది. సరదాకి అడుగుతున్నాననుకుంది. కొత్త అట్టముక్క తీసి, చాలా మర్యాదగా, మొదటిసారి చూస్తున్నట్టు పేరడిగింది. పార్వతీదేవి అన్నాను. భర్త పేరు? ఏం చెప్పను, నాకూ నోరు రాలేదు. పాక గుమ్మంలోంచి కొట్టు బోర్డు చూపించాను. 'ధర్మారావు అండ్ సన్స్' అని దాని మీద ఇంగ్లీషులో ఉంటుంది. ఆ బోర్డు రాయించినప్పుడు నాకు అయిదో నెల.

ఐలీన్ చదివి రాసుకుంది.

"పుట్టినవాళ్ళు?"

"ఒకడు."

కలం ఆగింది. "ఉన్నవాళ్ళు?"

"లేరు."

"ఎన్నాళ్ళున్నాడు?"

"మూడు రోజులు."

అది రాయలేదు. నా మొహం చూసింది, పక్కన దొంతరగా పేర్చిన నూట నలభై అట్టముక్కలు చూసింది, మళ్ళీ నా మొహం చూసింది.

"ఎన్ని ఇళ్ళలో, పార్వతీ?"

"దాదాపు అన్నిట్లోనూ."

కోపం వస్తుందనుకున్నాను, వచ్చింది. రెండు నెలలు నా పక్కనే కూర్చుని, నేను తప్పు రాస్తుంటే చూస్తూ ఊరుకున్నావా అంది. మీ సముద్రపుగాలి అంటూ నేను పిచ్చిదానిలా వాగుతుంటే నవ్వుకున్నావా అంది. నవ్వుకోలేదని చెప్పాను. వినకుండా టోపీ కూడా పెట్టుకోకుండా ఎండలోకి పోయింది. ఇసక మీద సముద్రందాకా వెళ్ళడం, తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం, పెరట్లోంచి కనిపిస్తూనే ఉంది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అవన్నీ అయ్యాక విపరీతంగా ఆకలేసింది. వంటింట్లోకి పోయి చద్దన్నం రెండుసార్లు కలుపుకు తిన్నాను. నాలుగేళ్ళలో ఆ మాట నేను నోటితో అనడం అదే మొదలు.

తిరిగొచ్చి ఐలీన్ ఒకటే మాటంది. "నా బండికి ఎనిమిది రోజులుంది. వాళ్ళ చేత చెప్పించగలవా?"

తెల్లారి ఒడ్డుకి వెళ్ళాం. ఆడవాళ్ళు ఎండుచేపలు లెక్కపెట్టి గంపల్లోకి ఎత్తుతున్నారు. దానమ్మా, దాని అత్త కూర్మమ్మా, ఇంకో పదిమంది. వాళ్ళ మధ్యన ఇసకలో కూర్చున్నాను. ఐలీన్ నా వెనక కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు నాదే చెప్పేశాను. మగబిడ్డని, జుట్టు ఒత్తుగా ఉండేదని, మూడోనాడు పాలు పట్టడం మానేశాడని, ఎక్కడ పెట్టారో నాకిప్పటికీ తెలియదని.

చేతులన్నీ ఆగిపోయాయి.

"ఓలమ్మో, నోరు ముయ్యి తల్లీ! సముద్రం ఇంటాది" అంది కూర్మమ్మ. కోపంగా కాదు, భయంగా.

"ఇననీ కూర్మమ్మా. నువ్వు సెప్పకపోతే బోర్డోళ్ళు ఇనరు. ఇక్కడ గుంటలు సావడం లేదని రాసుకున్నారు. నర్సమ్మని మెట్టవలస పంపీస్తన్నారు. నేనన్న మాట వల్లే పంపీస్తన్నారు."

దానమ్మ తల ఎత్తలేదు. కూర్మమ్మ మళ్ళీ పనిలో పడింది. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆ ఒడ్డున అంకె నోటితో అనరు. వేటకి కీడని. నూరు చేపలు గంపలో పడ్డాక ఒక చేప తీసి పక్కన చాప మీద పెడతారు. ఆఖరికి చాప మీదున్నవి చూసుకుంటే ఎన్ని నూర్లో తెలుస్తుంది. రెండు నెలలుగా రోజూ చూస్తున్నాను ఆ పని. కూర్మమ్మ గంప నిండకముందే ఒక చేప తీసింది. చాప మీద పెట్టలేదు, నా మోకాలి ముందు ఇసకలో పెట్టింది. ఇంకొకటి పెట్టింది. నా వైపు చూడకుండా, సముద్రం వైపు వీపు తిప్పుకుని, ఆరు పెట్టింది.

దానమ్మ రెండు పెట్టింది. రెండోది పెట్టాక చెయ్యి దాని మీదే ఉంచేసింది.

"ఏమిటిది?" అంది ఐలీన్ మెల్లగా.

"రాయి. ఆమెకి ఆరు, ఈమెకి రెండు."

మళ్ళీ నూట నలభై ఇళ్ళూ తిరిగాం, ఎనిమిది రోజుల్లో. ప్రతి గుమ్మంలో ముందు నాది చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా మాట తడబడడం మానేసింది. ఎవరూ నోరు విప్పలేదు. ఒకామె చింతగింజలు పెట్టింది, ఒకామె గవ్వలు, ఒకామె ఉప్పుగల్లు. ఒక ముసలామె గుప్పెడు గవ్వలు ఒకేసారి పోసి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. తొమ్మిది కాస్తా రెండువందల పదకొండు అయింది. ఐలీన్ సముద్రపుగాలి కాగితాలన్నీ చింపి పొయ్యిలో పెట్టింది. సైకిలు తోస్తూ ఆ రోజుల్లో మేం పెద్దగా మాట్లాడుకోలేదు.

మూడోనాటికే సంగతి మా ఇంటికి చేరింది.

"పేట నడిమధ్యన కూకుని మనింటి గుంట ఊసు సెప్పినావట" అంది అత్తగారు.

"సెప్పాను అత్తయ్యా."

"పురుడెళ్ళనిదాన్ని పేరెట్టి పిలుస్తావా? రేపు నీ కడుపు పండద్దేటి? ఒరే, నీ పెళ్ళాన్ని గుమ్మం కదలనీకు!"

మా ఆయన దుకాణంలోంచే, "డాక్టరుగారికి మాటిచ్చీసినాం అమ్మా" అన్నారు. మనిషి బయటికి రాలేదు. అంతకంటే ధైర్యం ఆయనకి దేవుడివ్వలేదు. ఉన్నంతలో అదే ఎక్కువని నేను సంతోషించాను.

ఆ రోజునుంచి అత్తగారు నాతో మాట మానేసింది. ఏం కావాలన్నా వసారా స్తంభంతో చెప్పేది. "నీళ్ళు తోడమను." "పప్పు మాడిపోతన్నాది." నేనూ స్తంభానికే జవాబు చెప్పేదాన్ని. మా ఇంట్లో అంత గౌరవం పొందిన స్తంభం లేదు.

ఆషాఢం తొలివానలో ఐలీన్ బండెక్కింది. పేటంతా వచ్చింది. ఎవరింటి ఎండుచేపల పొట్లం వాళ్ళు ఆమె పెట్టెలో కుక్కారు. మద్రాసుదాకా రైలుపెట్టె మొత్తం ముక్కు మూసుకునే ఉండుంటుంది. నా రెండు చేతులూ పట్టుకుని, "ఎల్లొస్తానమ్మా" అంది పేట భాషలో. అందరూ నవ్వుతూ ఏడ్చారు. మా అత్తగారు స్తంభం పక్కన నిలబడి చూసింది.

కొత్త లెక్క డాక్టరుగారి చేతికిచ్చి వెళ్ళింది. ఆ తర్వాత ఎదురుచూపులు. వాన పడుతుంటే పడుతోందనీ, ఆగితే ఆగిందనీ విసుగు. టపా మనిషి కనిపిస్తే చాలు గుమ్మంలోకి పరుగు. శ్రావణంలో డాక్టరుగారి ఉత్తరం వచ్చింది. బోర్డువాళ్ళు గుల్లపేటకి ఒప్పుకున్నారు. చదివి నేను ఎగిరి గంతేసేలోపు రెండో పేరా వచ్చింది. నర్సు ఉండడానికీ, కాన్పులు చేయడానికీ ఊళ్ళో పెంకుల కప్పు, తలుపూ గడియా ఉన్న గది ఒకటి నెలాఖరులోగా చూపించాలి. మెట్టవలసలో సత్రం ఉంది. ఇక్కడ గది దొరక్కపోతే నర్సు అక్కడికే.

గుల్లపేట మొత్తానికి పెంకుటిల్లు మాదొక్కటే. మా ఇంట్లో ఖాళీ చేయదగ్గ గదీ ఒక్కటే. వసారా చివర పురిటిగది. కాన్పులు లేనప్పుడు చింతపండు బస్తాలు వేసేవాళ్ళం. నా బిడ్డ ఆ గదిలోనే పుట్టాడు, ఆ గదిలోంచే వెళ్ళాడు. అప్పటినుంచీ నేను అందులో అడుగు పెట్టలేదు.

మా ఆయన ఉత్తరం రెండుసార్లు గట్టిగా చదివారు, లోపలికి వినపడేలా. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అమ్మ ఒప్పుకోవాలి మరి" అన్నారు. "మీరు అడగండి." "నువ్వడుగు." నేను దేన్ని అడగను, స్తంభాన్నా? జాలరి ఆడవాళ్ళు ఆ గుమ్మం ఎక్కడం, మా పురిటిగదిలో కనడం. వాకిలి రెండుసార్లు కడిగించిన మనిషి ఒప్పుకుంటుందా? రెండు రోజులు ఇంట్లో ఎవరం సరిగా కూర్చోలేదు, సరిగా తినలేదు. దానమ్మ గోడ మీంచి నన్ను చూసేది. అడిగేది కాదు. నిండుతున్న కడుపు మీద చేతులు పెట్టుకుని అలా నిలబడేది.

మూడో రోజు పొద్దున్న వసారాలో ఏదో ఈడ్చిన చప్పుడైంది. వెళ్ళి చూద్దును కదా, పురిటిగది తలుపు బార్లా తీసి ఉంది. అరవై ఏళ్ళ మా అత్తగారు చీర ఎగ్గట్టి, చింతపండు బస్తా ఒకటి ఒక్కర్తే గుమ్మం దాకా లాక్కొచ్చింది. ఒళ్ళంతా చెమట.

"ఏటలా సూస్తావ్? ఆ కొస పట్టు."

నలభై రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. గుమ్మం దగ్గర నా కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆవిడ చూసింది, చూడనట్టు ఊరుకుంది. లోపలికి వెళ్ళాను. కొస పట్టాను. మూడు బస్తాలు వసారాలోకి చేర్చాం. నాలుగోదాని మీద చెయ్యి వేసి ఆవిడ ఆగిపోయింది.

"కాయితం ఉన్నాదేటి?"

"ఎందుకత్తయ్యా?"

"నలుగురు."

నాకు అర్థం కావడానికి కొంచెం పట్టింది.

"ఐలమ్మ ఎల్లిపోయింది కదా అత్తయ్యా. ఆ లెక్క బోర్డుకి కూడా ఎల్లిపోయింది."

"ఎల్తే ఎల్నీ. నువ్వు రాయి."

డాక్టరుగారి ఉత్తరం నా బొడ్లోనే ఉంది. దాని వెనక పెన్సిలుతో రాశాను. సుభద్రమ్మ, నలుగురు. ఆవిడ తొంగి చూసింది. చదువు రాదు, అయినా ఆ అక్షరాల వంక చాలాసేపు చూసింది. తర్వాత నాలుగో బస్తా తనే ఈడ్చుకుంటూ గుమ్మందాకా వెళ్ళింది. అక్కడ నిలబడిపోయింది. పెదవులు కదులుతున్నాయి. బొటనవేలు వేళ్ళ కణుపుల మీద నడుస్తోంది. ఒకసారి లెక్కపెట్టింది. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది.

"కాదే" అంది. "అయిదుగురు. ఆడగుంట ఒకర్తి, మూడో కాన్పు. దాన్ని మర్సిపోనానే, పార్వతీ."

అని ఆ బస్తా మీద కూలబడింది. ఇంత పెద్ద మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. పక్కన కూర్చుని, ఆవిడ చూస్తుండగా నాలుగు కొట్టేసి అయిదు వేశాను. బయటినుంచి మా ఆయన నర్సమ్మ మంచం ఏ పక్కన వెయ్యాలని మూడుసార్లు అడిగారు.